కాజీపేట, బల్హార్షా రైలు లైనుకు నూరేళ్లు వస్తున్నాయి

కాజీపేట రైల్వే కాలనీలో పెరిగిన పిల్లలకు ఏడాదిలో ఒక పండుగ ఎక్కువ. ఎండలు ముదిరే వేళకు ఏప్రిల్ 16 వచ్చేది. 1853లో ఆ రోజు మధ్యాహ్నం 3.30కి బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణేకు మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు కదిలింది. 14 పెట్టెలు, 400 మంది అతిథులు, ముందు సాహిబ్, సింధ్, సుల్తాన్ అని పేర్లు పెట్టిన మూడు ఇంజిన్లు, 34 కిలోమీటర్ల దారి. ఆ రోజు పేరు మీద రైల్వే వారం జరిపేవాళ్లు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ ముందు షామియానా వేసి, రంగు కాగితాల తోరణాలు కట్టి, బాగా పనిచేసినవాళ్లకు సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్లు. చీకటి పడ్డాక తెల్లబట్ట కట్టి సినిమా వేసేవాళ్లు. మేం పొద్దు గూకకముందే చాపలు తీసుకుపోయి జాగా పట్టుకునేవాళ్లం.

మా బాపు 1950ల చివర్లో లోకో షెడ్‌లో క్లీనర్‌గా చేరాడు. తర్వాత ఫైర్‌మ్యాన్ అయ్యాడు, డ్రైవర్‌గా రిటైరయ్యాడు. రైల్వే వారం రోజుల్లో కూడా ఆయన ఎక్కువగా లైను మీదనే ఉండేవాడు. ఒక ఏడు మాత్రం ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నాడు. సభ నుంచి వచ్చి, ఆఫీసర్ చెప్పిన బోరీబందర్ కథంతా తాతకు చెప్పాడు. తాత గడప మీద కూర్చుని చుట్ట కాలుస్తూ విని, "అది బొంబాయోళ్ల రైలు. మన రైలు ఎప్పుడొచ్చిందో ఎవ్వనికన్న యాదికున్నదా?" అన్నాడు.

బాపు దగ్గర జవాబు లేదు. నాకప్పుడు పదేళ్లుంటాయేమో. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. చదువుకునే రోజుల్లో హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయానికి పోయినప్పుడల్లా ఏ పాత పుస్తకంలో నిజాం రైలు గురించి రెండు ముక్కలు దొరికినా నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. టీచర్‌గా రిటైరైన ఈ వయసులో కూడా ఆ పిచ్చి వదల్లేదు.

మన రైలు తారీఖు 1874 అక్టోబర్ 9. ఆ రోజు ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు లైను మొదలైంది. బొంబాయి నుంచి మద్రాసుకు పోయే పెద్ద దారి వాడి మీదుగా పోతుంది. సికింద్రాబాద్‌లోని తమ సైనిక దండుకు ఆ దారితో కలిపే లైను కావాలని ఇంగ్లీషువాళ్లు అడిగారు, ఖర్చు మాత్రం నిజాం రాజ్యం మీద పడింది. అప్పటికి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ చిన్న పిల్లవాడు. రాజ్యం నడిపింది దివాన్ మొదటి సాలార్‌జంగ్. 2024 అక్టోబర్‌లో దానికి 150 ఏళ్లు నిండాయి. ఆ రోజు నేను మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్తే, "అక్కా, మా షెడ్‌లో ఒక్కరు కూడా ఈ మాట ఎత్తలేదు" అన్నాడు. నాకు నిజంగా బాధేసింది.

సికింద్రాబాద్ నుంచి పట్టాలు వరంగల్ దాకా రావడానికి 1886 అయింది. 1889లో బెజవాడ చేరాయి. ఈ మధ్యలో జరిగిన ఒక సంగతి మా కాలనీలో ఎవరికీ తెలియదు, మా బడి పుస్తకాల్లో కూడా లేదు. లైనును వరంగల్ మీదుగా పెంచి, ఒక కొమ్మను ఉత్తరాన చాందా (ఇప్పటి చంద్రపూర్) వైపు తీసుకుపోవాలని ఒక పథకం వేశారు. పెట్టుబడి ఇంగ్లండ్ కంపెనీది, దాని మీద 5 శాతం వడ్డీకి హామీ నిజాం ఖజానాది. నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న ఆ కంపెనీ పేరులోనే 'గ్యారంటీడ్' అని ఉండడానికి కారణం ఇదే. షరతులేమిటో ప్రజలకు చెప్పండి, మా డబ్బుతో చేసే పని మాకు తెలియాలి అని 1883లో హైదరాబాద్‌లో కొందరు చదువుకున్నవాళ్లు సభ పెట్టి అడిగారు. అడిగినవాళ్లలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఉన్నాడు, సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఉన్నాడు. అఘోరనాథ్‌ను ఏకంగా రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. తర్వాత ఎప్పటికో మళ్లీ రానిచ్చారు. రైలు వద్దని కాదు వాళ్లు అన్నది. లెక్క చెప్పమన్నారు, అంతే. హైదరాబాద్ రాజ్యంలో జనం ప్రభుత్వాన్ని లెక్క అడిగిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. నా వరకు నేను ఏప్రిల్ 16 కన్నా దీన్నే పెద్ద జ్ఞాపకంగా పెట్టుకున్నాను.

ఆ చాందా కొమ్మ అప్పుడు పడలేదు. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, కాజీపేట నుంచి, చాందా పక్కనే ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న బల్హార్షాకు విడతలవారీగా లైను వేశారు. 1929లో అది పూర్తయింది. మా తాతకు యాదికున్న రైలు ఇదే.

తాతది జమ్మికుంట అవతల ఊరు. ఇరవై ఏళ్లయినా నిండకముందే కట్ట పనికి పోయాడట. రైలు కట్ట అంటే ఊరికే మట్టి పోసి పట్టాలు పరవడం కాదని ఆయన దగ్గరే తెలుసుకున్నాను. ముందు దారికి పక్కన గుంటలు తవ్వి ఆ మట్టినే గంపలతో ఎత్తి పోయాలి. ఒక వరస పోశాక దిమ్మిస కొట్టాలి, ఆపై ఇంకో వరస. వానకాలం ఒకటి దాటనిచ్చి కట్ట ఎక్కడ కుంగిందో చూసి మళ్లీ పోయాలి. వాగు ఉన్నచోట నీళ్లు పోవడానికి మోరీ కట్టకుండా కట్ట పోస్తే మొదటి వరదకే పోతుందని తాత అనేవాడు. మొగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు గంపలు మోసేవాళ్లు. చిన్న పిల్లలు కట్ట పక్కన చెట్టు నీడన చీర ఊయలల్లో పడుకునేవాళ్లు. కూలి నిజాం రాజ్యపు నాణెం హాలి సిక్కాలో ఇచ్చేవాళ్లట. మంచిర్యాల దగ్గర గోదారి మీద వంతెన కడుతున్నప్పుడు చూడడానికి పక్క ఊళ్ల నుంచి జనం సద్దులు కట్టుకుని వచ్చేవాళ్లని చెప్పేటప్పుడు తాత ముఖం వెలిగిపోయేది. పని చేసినవాళ్లలో జ్వరాలతో పోయినవాళ్లున్నారు. వాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా లేవు. తాతకు కొన్ని పేర్లు యాదికుండేవి. మేం రాసిపెట్టుకోలేదు.

ఆ సుమారు 235 కిలోమీటర్ల లైను ఎంత పని చేసిందో మ్యాపు ముందు పెట్టుకుంటే గానీ అర్థం కాదు. అవతల వార్ధా వైపు నుంచి బల్హార్షా దాకా పట్టాలున్నాయి. ఇవతల బెజవాడ నుంచి కాజీపేట దాకా ఉన్నాయి. మధ్యలో అడవి, గోదావరి, బొగ్గు నేల. ఆ ఖాళీ నిండడంతో మద్రాసుకూ ఢిల్లీకీ నేరు దారి దొరికింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది ఆ ఏడే, మొదట్లో పెషావర్ నుంచి మంగళూరు దాకా. కాజీపేట మూడు దిక్కుల జంక్షన్ అయింది. మరుసటి ఏడు, 1930 ఏప్రిల్ 1న, నిజాం ప్రభుత్వం కంపెనీ చేతి నుంచి రైల్వేను కొనేసింది. 1932లో 27 బస్సులు పెట్టి రోడ్డు రవాణా మొదలుపెట్టింది కూడా ఆ రైల్వేనే. మన ఆర్టీసీ బస్సుకు పుట్టిల్లు రైల్వే అన్న సంగతి మా బడి పిల్లలకు చెప్తే నమ్మేవాళ్లు కాదు.

మా చిన్నప్పటి కాజీపేట అంతా ఆ జంక్షన్ చుట్టూ పుట్టిందే. తమిళం, మలయాళం, మరాఠీ, ఉర్దూ, తెలుగు అన్నీ ఒకే నల్లా దగ్గర వినిపించేవి. దర్గా ఉర్సుకు కాలనీ మొత్తం కదిలేది, ఫాతిమానగర్‌లో క్రిస్మస్ కేకు అందరి ఇళ్లకూ వచ్చేది. బతుకమ్మకు మా పక్కింటి కేరళ ఆంటీ తంగేడు పువ్వు కోసుకురావడానికి మాతోపాటు మడికొండ వైపు నడిచేది.

ఇక బాపు సంగతి.

డ్యూటీకి పిలవడానికి కాల్‌బాయ్ వచ్చేవాడు. పేరుకు బాయ్, వయసులో మా బాపు కన్నా పెద్ద. అర్ధరాత్రి సైకిల్ ఆపి, కర్రతో తలుపు కొట్టి, ఇంటిపేరుతో కేకేసేవాడు. బాపు లాంతరు వెలుగులో కాల్ బుక్కులో సంతకం పెట్టేవాడు. అక్కడి నుంచి బండి టైము దాకా ఉండే కాసేపట్లో అమ్మ పొయ్యి రాజేసి అన్నం వండి, టిఫిన్ క్యారియర్ కట్టేది. జొన్న రొట్టెలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. ఎన్ని గంటలకు తిరిగి వస్తాడో ఎవరికీ తెలియదు. గూడ్సు బండికి టైము లేదు, బెల్లంపల్లి దగ్గర లూప్ లైన్‌లో, అంటే పక్క పట్టాల మీద, పెడితే ఎక్స్‌ప్రెస్‌లన్నీ పోయేదాకా అక్కడే. లైన్ బాక్స్ అని ఒక ఇనుప పెట్టె ఉండేది, మీద తెల్ల రంగుతో బాపు పేరు, హోదా, కే.జెడ్.జే అని స్టేషన్ గుర్తు. అందులో చేతి దీపం, ఎర్ర పచ్చ జెండాలు, ముందు ప్రమాదముందని తెలపడానికి పట్టాల మీద పెట్టే డిటోనేటర్లు, రూల్ బుక్కు, ఒక జత బట్టలు. ఆ పెట్టె ఇంట్లో ఉంటే బాపు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. దసరా నాడు జమ్మి చెట్టు దగ్గర మిగతా పిల్లలు తండ్రుల చేతులు పట్టుకుని ఉంటే మేం ముగ్గురం తాత వెనక నిలబడేవాళ్లం.

బాపు డబ్ల్యూజీ అనే గూడ్సు ఆవిరి ఇంజిన్ల మీద ఫైర్‌మ్యాన్‌గా చాలా ఏళ్లు చేశాడు. బొగ్గు వెయ్యడం ఎట్లా అని నేను ఒకసారి అడిగితే, "పొయ్యిల కట్టె పెట్టినట్టు కాదు బిడ్డా, ఇత్తనం చల్లినట్టు చల్లాలె" అన్నాడు. గుట్టగా పోస్తే మధ్యలో నిప్పు చచ్చిపోతుంది, పలచగా పడిన చోట చల్లగాలి దూరి ఆవిరి పడిపోతుంది. అందుకని కదిలే బండి మీద కాళ్లు నిలదొక్కుకుని ఫైర్‌బాక్స్ నాలుగు మూలలకూ పారతో విసరాలి. రెండో ఫైర్‌మ్యాన్ వెనక బొగ్గు, నీళ్లు ఉండే టెండర్‌లో బొగ్గు పెడ్డలు పగలగొట్టి ముందుకు తోస్తాడు. ఒక కన్ను నీళ్ల గేజు మీద, ఒక కన్ను ఆవిరి గేజు మీద ఉండాలి. బాయిలర్‌లో నీళ్లు తగ్గితే ఫైర్‌బాక్స్ పైకప్పు ఎండి మొత్తం ప్రాణాల మీదికి వస్తుంది. బాపు ముంజేతుల మీద చిన్న చిన్న కాలిన మచ్చలుండేవి. మా చిన్న చెల్లె వాటిని వేలితో లెక్కపెడుతూ నిద్రపోయేది.

ఛుక్ ఛుక్ అనే చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో కూడా బాపే చెప్పాడు. సిలిండర్‌లో పని ముగిసిన ఆవిరిని పొగగొట్టం లోంచి పైకి వదులుతారు. అది పోతూ పోతూ నిప్పు మీదికి గాలిని లాగుతుంది. బండి ఎంత గట్టిగా లాగితే మంట అంత బాగా మండుతుంది. మంటలోని వేడి గాలి నీళ్ల మధ్యలోంచి సన్నటి గొట్టాల గుండా పోతుంది కాబట్టి నీళ్లు తొందరగా మరుగుతాయి. షెడ్‌లో క్లీనర్‌గా ఉన్నప్పుడు ఆ గొట్టాల్లోని మసి ఊడ్చడమే తన పని అని చెప్పేవాడు.

చాలా ఏళ్లకు, ఇంగ్లండ్‌లో 1829 అక్టోబర్‌లో జరిగిన రెయిన్‌హిల్ పోటీ గురించి చదువుతుంటే నాకు మళ్లీ బాపు కళ్ల ముందు కూర్చున్నట్టు అనిపించింది. లివర్‌పూల్, మాంచెస్టర్ రైలుకు ఎలాంటి ఇంజిన్ కావాలో తేల్చడానికి 500 పౌండ్ల బహుమతి పెట్టారు. జార్జ్ స్టీఫెన్‌సన్, ఆయన కొడుకు రాబర్ట్ తెచ్చిన రాకెట్ గెలిచింది. దాని బాయిలర్‌లో ఒక్క పెద్ద గొట్టానికి బదులు 25 సన్నటి రాగి గొట్టాలున్నాయి. వాడిన ఆవిరి పొగగొట్టంలోకి పోయి మంటను లాగేది. గంటకు 30 మైళ్ల దగ్గరగా ఉరికింది. ఆ రెండు కిటుకులే కాజీపేట షెడ్‌లోని చివరి ఆవిరి ఇంజిన్ దాకా వచ్చాయి. బడికి ఎక్కువ పోని మా బాపు వాటిని చేతులతో నేర్చుకున్నాడు.

డీజిల్ వచ్చినప్పుడు బాపు సంతోషపడ్డాడు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఆవిరి ఇంజిన్‌ను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లలో చాలామంది ఫైర్‌బాక్స్ ముందు నిలబడినవాళ్లు కాదు. మే నెల రామగుండం ఎండలో ఆ మంట ముందు నిలబడ్డ మనిషికి డీజిల్ క్యాబ్ అంటే దేవుడిచ్చిన వరం. తెల్ల చొక్కా తొడుక్కుని డ్యూటీకి పోయిన మొదటి రోజు అమ్మ ఆయనకు దిష్టి తీసింది. మా లైను మీద ఆవిరి ఇంజిన్లు ఒక్కొక్కటిగా తగ్గుతూ పోయాయి. దేశం మొత్తం మీద బ్రాడ్‌గేజ్‌లో వాటి కాలం 1995 డిసెంబర్‌లో ముగిసింది. ఆ మరుసటి ఏడే బాపు రిటైరయ్యాడు. కరెంటు తీగలు కూడా అప్పటికే వచ్చేశాయి.

కోచ్ ఫ్యాక్టరీ మాట చెప్పకుండా కాజీపేట కథ పూర్తి కాదు. 1980ల్లో మాకు వస్తుందన్న ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. కాలనీలో ప్రతి ఇంట్లో డిప్లొమా చదివిన ఒక పిల్లవాడు ఉండేవాడు, ఆ ఫ్యాక్టరీ మీద ఆశ పెట్టుకుని. మా పెదనాయిన కొడుకు అట్లా చూసి చూసి దుబాయ్ పోయాడు. 2023 జూలై 8న కాజీపేట రైలు తయారీ యూనిట్‌కు ప్రధాని శంకుస్థాపన చేసినప్పుడు అన్న అక్కడి నుంచి ఫోన్ చేశాడు. ఆ గొంతులో సంతోషం ఉంది, నలభై ఏళ్ల ఆలస్యం కూడా ఉంది.

2024 సెప్టెంబర్ మొదట్లో వచ్చిన వానలకు మహబూబాబాద్ వైపు ఇంటికన్నె, కేసముద్రం మధ్య కట్ట కొట్టుకుపోయింది. కంకర పోయి పట్టాలు గాల్లో వేలాడుతున్న ఫొటోలు అందరూ చూసే ఉంటారు. నాకు వెంటనే తాత చెప్పిన మోరీల మాట గుర్తొచ్చింది. వందల మంది రాత్రింబవళ్లు పనిచేసి కొద్ది రోజుల్లోనే మళ్లీ బండ్లు నడిపించారు. ఇప్పుడు జేసీబీలు, టిప్పర్లు ఉన్నాయి నిజమే. అయినా ఆ బురదలో నిలబడి మట్టి ఎత్తినవాళ్లకూ మా తాతకూ పెద్ద తేడా లేదు.

2025లో ప్రపంచమంతా రైలుకు 200 ఏళ్లని చెప్పుకుంది. 1825 సెప్టెంబర్ 27న స్టాక్టన్, డార్లింగ్టన్ లైను మీద లోకోమోషన్ ఇంజిన్ నడిచిన రోజు అది. 2025లోనే ఫిబ్రవరి 3తో మన దేశంలో మొదటి కరెంటు రైలుకు నూరేళ్లు నిండాయి. మే 22న కాకతీయ తోరణం ఆకారంతో ముస్తాబైన వరంగల్ స్టేషన్ కొత్తగా ప్రారంభమైంది. స్టేషన్ చాలా బాగుంది, పోయి చూసి వచ్చాను. లోపల ఒక గోడ మీద 1886 అని, ఇక్కడికి మొదటి రైలు వచ్చిన ఏడని రాసి ఉంటే ఇంకా బాగుండేదని నా కోరిక.

నేను ఎదురుచూస్తున్న ఏడు 2029. రాకెట్ రెయిన్‌హిల్‌లో గెలిచి 200 ఏళ్లు, కాజీపేట నుంచి బల్హార్షాకు లైను కలిసి 100 ఏళ్లు, రెండూ ఒకే ఏడు. మొదటిదాన్ని ఇంగ్లండ్ వాళ్లు ఎలాగూ ఘనంగా చేసుకుంటారు. రెండోదాన్ని మనమే చేసుకోవాలి. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ ఇవన్నీ ఆ లైను మీద పెరిగిన ఊళ్లే. సింగరేణి బొగ్గు ఆ దారినే పోయింది. ఇప్పుడు పక్కనే మూడో లైను పని కూడా నడుస్తోంది. మీ ఇళ్లలో గ్యాంగుల్లో, గేట్ల దగ్గర, పట్టాలు మార్చే కైంచీల దగ్గర, షెడ్లలో పనిచేసిన పెద్దవాళ్లుంటే ఇప్పుడే కూర్చోబెట్టి మాట్లాడించండి, ఫోన్‌లో రికార్డు చేయండి. పాత పాసులు, డ్యూటీ పుస్తకాలు, లైన్ బాక్స్‌లు పాత సామాన్ల బండికి వేయకండి. మా బాపు పెట్టె తమ్ముడి ఇంట్లో ఉంది, మరదలు దాన్ని శుభ్రంగా తుడిచి రంగు వేయించింది. ఇద్దరం కలిసి దాన్ని ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకుపోయి పెడదామని అనుకుంటున్నాం, అక్కడివాళ్లు ఒప్పుకుంటే.

ఆ ఏడు కాజీపేట నుంచి బల్హార్షా దాకా ప్యాసింజర్ బండిలో పోవాలని ఇంట్లో అందరం మాట్లాడుకున్నాం. ఎక్స్‌ప్రెస్ వద్దు, ప్రతి స్టేషన్‌లో ఆగే బండే కావాలి. అమ్మకు అప్పటికి ఎనభై అయిదు దాటుతాయి. అడిగితే, "నేను మంచిర్యాల దాకనే వస్త. గోదారి చూసి మా చెల్లె ఇంట్ల దిగుత. మీరు బల్హార్షా పోయి రాంగ నన్ను ఎక్కిచ్చుకోండ్రి" అన్నది.